ముందు చెయ్యి తడవాలి, గ్యాలరీ తర్వాత

బొమ్మలకో డిజైన్లకో కొత్త ఐడియాలు రావట్లేదు అంటే చాలు, అందరూ ఇచ్చే సలహా ఒకటే, మ్యూజియంకి వెళ్ళిరా, పాత గుళ్ళు చూసిరా అని. సలహా మంచిదే కానీ నన్నడిగితే వరస తిరగెయ్యాలి. ముందు ఏదో ఒక చేతిపని నేర్చుకోండి, తర్వాత గుడికైనా గ్యాలరీకైనా వెళ్ళండి, అప్పుడు కనపడేవి వేరే ఉంటాయి. నా విషయంలో ఆ పని కలంకారీ, అందులోనూ శ్రీకాళహస్తి పద్ధతి, అంటే అచ్చులు లేకుండా గుడ్డ మీద మొత్తం చేత్తో గీసేది.

క్లాస్ అంటే వెళ్ళిన పూటే కృష్ణుడి బొమ్మకి రంగులేయించి ఇంటికి పంపే వీకెండ్ వర్క్‌షాప్‌లు కాదండోయ్. సరదాకి అవీ బాగానే ఉంటాయి గానీ డబ్బాలో రెడీమేడ్ రంగు, ముందే ట్రేస్ చేసిపెట్టిన అవుట్‌లైన్, ఇక మనకి మిగిలేది గళ్ళు నింపడమే కదా. గుడ్డ దగ్గర్నుంచి మొదలుపెట్టించే చోటు వెతుక్కోండి. కోరా గుడ్డని ఉతికి గంజి వదలగొట్టి, కరక్కాయ పొడీ గేదె పాలూ కలిపిన దాంట్లో ముంచి ఎండబెడతారు. పాలల్లో ఉన్న కొవ్వు వల్ల రంగు అటూఇటూ పాకదు, కరక్కాయ వగరేమో తర్వాత వేసే నలుపుని పట్టుకుంటుంది. ఆ గుడ్డ వాసన గురించి మాత్రం నన్నేం అడక్కండి.

నలుపుని కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెడితే వచ్చే నీళ్ళు అవి, గిన్నెలో చూస్తే ఇదేం నలుపురా బాబూ అనిపిస్తుంది, గుడ్డ మీద గీత గీసినప్పుడు కూడా పల్చగానే ఉంటుంది, ఇనుమూ ఆ కరక్కాయ వగరూ కలిశాక మన కళ్ళ ముందే నల్లబడుతుంది. ఇక చెరపడం అనేది లేదు. ముందు చింతపుల్ల బొగ్గుతో వేసుకున్న స్కెచ్ అయితే దులిపేస్తే పోతుంది గానీ కసిమి పోదు. కలం కూడా ఏం పెద్ద పరికరం కాదు, మొన చెక్కిన వెదురు పుల్ల, దానికి కాస్త పైన గుడ్డ పీలికలు గానీ ఉన్ని గానీ చుట్టి దారం కడతారు, రంగంతా ఆ చుట్టలోనే ఉంటుంది, వేళ్ళతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. "ఆగకమ్మా, ఆగితే బొట్టు పడిపోద్ది" అని మా మాస్టారు వెనకనుంచి అంటూనే ఉండేవారు, నేనేమో కన్నుగీత సగంలో ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని.

అన్నిటికన్నా నాకు పిచ్చెక్కించింది ఎరుపు. ఎర్ర రంగుని నేరుగా గుడ్డ మీద వెయ్యరు! ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు వేస్తారు, అవి ఎండాక ఏమీ కనపడదు, తర్వాత ఆ గుడ్డని మంజిష్ఠ లాంటి వేర్లూ చెక్కలూ వేసిన నీళ్ళలో ఉడకబెడితే పటిక పడ్డచోటే ఎరుపు నిలబడుతుంది, మిగతాది ఉతుకులో పోతుంది. అంటే బొమ్మ వేసేటప్పుడు మనకి కనపడని రంగుని మనసులో పెట్టుకుని వెయ్యాలన్నమాట. కంప్యూటర్‌లో అండూ నొక్కుతూ బతికిన నాలాంటోళ్ళకి ఇది మామూలు షాక్ కాదు.

ఇదంతా కొంచెం చేతికి పట్టుబడ్డాక లేపాక్షి వెళ్ళా. హిందూపురం దగ్గరే, 16వ శతాబ్దపు వీరభద్రస్వామి గుడి, విజయనగర రాజుల కాలం నాటిది. జనమంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూరుస్తూ ఉంటారు, దూర్చుకోనివ్వండి, మీరు పైకప్పు చూడండి. కిరాతార్జునీయం, పార్వతి పెళ్ళి, పొడుగ్గా పట్టీల్లో కథలు వరసగా నడుస్తాయి, కాళహస్తి గుడ్డల మీద కూడా కథ ఇలాగే పట్టీలు పట్టీలుగా నడుస్తుంది. ఇదివరకైతే "అబ్బ ఎంత బావుందో" అని వచ్చేసేదాన్నేమో, ఇప్పుడు నా కళ్ళు ఆ నల్ల గీతల వెంట పడ్డాయి, బొమ్మ వేసినాయన ఎక్కడ చెయ్యి ఎత్తాడు, మోచెయ్యి వంపు ఒక్క ఊపులో లాగాడా, చీర చారలు ఒంటి వంపుతో పాటు తిరిగాయా లేక స్కేలు పెట్టినట్టు నిటారుగా వదిలేశాడా, ఇవే. చీరలే ఎన్ని రకాలో! మెడ పట్టేస్తుంది, స్తంభానికి ఆనుకుని చూడండి. తర్వాత లతామండపం స్తంభాల మీద చెక్కిన డిజైన్లు నోట్‌బుక్‌లో చేత్తో దించుకోండి, ఫొటో వద్దు, దించుతుంటేనే ఆ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ మెలి తిరిగిందో తెలుస్తుంది. ఆ డిజైన్లు చీరల అంచుల్లోకి ఎప్పుడో ఎక్కేశాయి కాబట్టి మనం కొత్తగా దొంగతనం చేస్తున్నట్టేం కాదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో కూడా ఇంతే. గంట కొట్టే గడియారం దగ్గర గుంపు ఎప్పుడూ ఉండేదే. నేను ముసుగు రెబెక్కా దగ్గర ఆగిపోయా, ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన పాలరాతి బొమ్మ. ముఖం మీద పల్చటి మేలిముసుగు ఉన్నట్టే ఉంటుంది, నిజానికి ఉన్నదంతా ఒకటే రాయి కదా, మరి పల్చదనం ఎక్కడిది అని చుట్టూ తిరిగి చూశా. మడత గీతలు ముక్కు మీదా పెదాల మీదా దాదాపు మాయమై పక్కలకి వచ్చేసరికి లోతవుతున్నాయి, అంతే మ్యాజిక్. ఇంటికొచ్చి దాన్నే కలంతో పమిట మడతల్లో ట్రై చేశా, గీతని ఒంటి మీద సన్నం చేసి కుచ్చిళ్ళలో లావు చెయ్యడం. బానే వచ్చింది.

మధ్యలో ఒక ముక్క. మన కోరమాండల్ తీరం అద్దకాలు ఒకప్పుడు యూరప్‌లో ఎంత అమ్ముడయ్యాయంటే, అక్కడి నేతగాళ్ళ గోల తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది, ఇంగ్లండ్ 1721లో వాడకాన్నే ఆపేస్తూ చట్టం తెచ్చింది. అలాంటి పని 20వ శతాబ్దానికి వచ్చేసరికి కాళహస్తిలో దాదాపు ఆగిపోయే పరిస్థితి, దేశంలో చేతిపనుల్ని మళ్ళీ నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి ఛటోపాధ్యాయ పూనుకోవడంతో 1950ల చివర్లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టారు. ఇవాళ మనం క్లాస్ అంటూ వెళ్ళి కూర్చోగలుగుతున్నామంటే దాని పుణ్యం చాలానే ఉంది.

నెక్స్ట్ నా కన్ను పెడన మీద ఉంది, మచిలీపట్నం పక్కన, అక్కడిది అచ్చుల కలంకారీ. టేకు చెక్క మీద డిజైన్ చెక్కుతారు, ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, అన్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. అద్దకం కన్నా నాకు ఆ చెక్కడమే నేర్చుకోవాలనుంది, కొత్తవాళ్ళ చేతికి ఉలి ఇచ్చే ధైర్యం ఉన్నవాళ్ళు ఎవరైనా దొరికితే.