కొళాయికి అంటించిన చీటీ

“నడిచే దారిలో పైపు వదలరాదు.” కొళాయి పక్కన అంటించి ఉంది. కింద పేరు లేదు. ఇక్కడ మొక్కలకు నీళ్ళు పట్టేది నేనొక్కణ్ణే, ఇంకెవరికోసం రాస్తారు?

మాటలో తప్పు లేదు. కాలికి తగిలి ఎవరైనా పడొచ్చు. చెప్పిన తీరే మింగుడు పడలేదు. మన దగ్గర మేస్త్రీ అయితే అందరి ముందూ నాలుగు తిట్టేవాడు, తిడుతూనే గోడకు ఓ మేకు కొట్టేసేవాడు. పని అయిపోయేది, కోపమూ అయిపోయేది. ఇక్కడి సూపర్‌వైజర్ రోజూ ఎదురుపడి నవ్వుతాడు, వాన గురించి, చలి గురించి మాట్లాడతాడు, అసలు సంగతి మాత్రం కాగితం మీద పెడతాడు. నా మీద నిజంగా కోపం ఉందా లేదా? తిడితే కనీసం తెలిసేది. రాత్రి పడుకున్నాక కూడా ఇదే రంధి.

పైగా పైపు తీసెయ్యమన్నవాడు ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. స్టాండు అడిగితే ఫారం నింపమన్నాడు. నింపాను. అది ఏ బల్ల మీద నిద్రపోతోందో మరి.

స్టోరు వెనక పారేయడానికి పెట్టిన, పిడి ఊడిన ప్లాస్టిక్ బకెట్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. పైపు చుట్టి తగిలించడానికి ఉత్త మేకు సరిపోదు. బరువంతా ఒక్కచోట పడి పైపు నొక్కుకుపోతుంది, రోజూ అక్కడే మడతపడి ఆఖరికి అక్కడే పగులుతుంది. దానికి గుండ్రటి, వెడల్పాటి ఆసరా ఉండాలి. బకెట్ అడుగు వెనక్కి, మూతి మనవైపు పెట్టి బిగిస్తే, మూతివైపు వెడల్పు కాబట్టి చుట్టలు జారి కింద పడవు. వాటంతటవే వెనక్కి సర్దుకుంటాయి. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే ఒక్కో చుట్టుకు దాదాపు మీటరు పైపు పడుతుంది.

గోడకు కన్నం పెట్టాలంటే ఇంకో ఫారం అంటారేమోనని, పక్కనున్న చెక్క స్తంభానికే బిగించాను. ప్లాస్టిక్‌కి నేరుగా స్క్రూలు ఎక్కిస్తే చిరిగిపోతుంది. అర అంగుళం పైపు 15 మీటర్లుంటే లోపల నిలిచే నీళ్ళే 2 కిలోలకు దగ్గర, పైపు బరువు వేరే. అందుకని బకెట్ లోపల ఓ చెక్క ముక్క వేసి, దాని మీంచి స్క్రూలు దింపాను. వాననీళ్ళు నిలవకుండా కిందివైపు రెండు కన్నాలు. లోపల నాజిల్, గ్లవ్స్ పెట్టుకోవడానికి చోటు కూడా దొరికింది. చుట్టడం కొళాయివైపు నుంచి మొదలుపెట్టాలి, అప్పుడు మెలికలు కొసదాకా వచ్చి విడిపోతాయి.

సూపర్‌వైజర్ వచ్చి, పట్టుకుని గట్టిగా ఊపి చూశాడు. కదల్లేదు. ఫోటో తీసుకున్నాడు. ప్లాస్టిక్ కదా, ఎండకు పెళుసెక్కి ఎన్నాళ్ళో ఉండదని నేనే చెప్పాను. తన షెడ్డులో పాత కారు చక్రం రిమ్ము పడి ఉందట, తెస్తానన్నాడు. నోటితోనే అన్నాడు. తెచ్చాక చూద్దాం, ఇనుము కాబట్టి ముందు తుప్పు గీకి రంగు వెయ్యాలి.