ఆర్‌వీ కొని వ్యాపార ఖర్చుగా రాసుకోవచ్చునా?

ఆరు వేల పౌండ్లు దాటిన వాహనాన్ని డిసెంబరు 31లోగా కొంటే దాని ధర మొత్తాన్ని ఆ ఏడాదే వ్యాపార ఖర్చుగా రాసుకోవచ్చునన్న మాట అమెరికాలోని మన చిన్న వ్యాపారుల్లో బాగా పాకిపోయింది. కన్సల్టింగ్ కంపెనీ నడిపేవారూ, ఇళ్లు అమ్మిపెట్టే ఏజెంట్లూ, సొంతంగా సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవారూ ఈ మాట విని ట్రక్కు దగ్గర ఆగకుండా ఆర్‌వీ (మోటార్‌హోమ్ వంటి, లోపలే పడుకుని వండుకోగల బండి) దాకా వెళుతున్నారు. దాదాపు ప్రతి మోటార్‌హోమూ ఆ బరువును తేలిగ్గా దాటుతుంది. పైగా పిల్లలతో యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో వెళ్లడానికీ పనికొస్తుంది. చిన్న వ్యాపారుల పన్ను రిటర్నులు తయారుచేసే వృత్తిలో ఉన్నందువల్ల ఈ ప్రశ్న ఏటా సంవత్సరాంతంలో నా దగ్గరికి వస్తూనే ఉంటుంది. ఫోన్లో రెండు మాటల్లో చెప్పే జవాబు ఎవరికీ తృప్తినివ్వదు కాబట్టి, ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

ముందుగా ఆ మాటలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. పన్ను చట్టంలోని 280ఎఫ్ సెక్షన్ కార్ల మీద ఏడాదికి ఇంతకు మించి తరుగుదల (వాడకంలో తగ్గే విలువను ఖర్చుగా రాసుకోవడం) రాయకూడదని పరిమితి పెడుతుంది. ఆ పరిమితి ఆరు వేల పౌండ్లు దాటిన వాహనాలకు వర్తించదు. అలాంటి వాహనాన్ని సగానికి మించి వ్యాపారానికి వాడితే 179వ సెక్షన్ కింద గాని, బోనస్ తరుగుదల కింద గాని ధరలో వ్యాపార వాటాను మొదటి ఏడాదే రాసుకునే వీలుంది. 2025 జులై 4న సంతకమైన చట్టం, ఆ ఏడాది జనవరి 19 తరువాత కొన్న ఆస్తులకు నూరు శాతం బోనస్ తరుగుదలను మళ్లీ తెచ్చింది. సరుకు మోసే ట్రక్కుకో, పనిముట్లు పెట్టుకునే వ్యానుకో ఇదంతా చక్కగా వర్తిస్తుంది. ఆర్‌వీ విషయంలో మాత్రం ఈ లెక్క మొదలుపెట్టకముందే దాటవలసిన గడప మరొకటి ఉంది. దాన్ని గురించి ఇంటర్నెట్ వీడియోల్లో చెప్పేవారు తక్కువ.

ఆ గడప పేరు 280ఎ సెక్షన్. సొంత ఇంటినీ, సెలవుల్లో గడిపే ఇంటినీ వ్యాపార ఖర్చుగా చూపించే అలవాటుకు అడ్డుకట్ట వేయడానికి 1976లో కాంగ్రెస్ దీన్ని చట్టంలో చేర్చింది. నివాసం అనే మాటకు ఇందులో ఇచ్చిన నిర్వచనంలో ఇల్లు, అపార్ట్‌మెంటు, కాండోలతో పాటు మొబైల్ హోమ్, పడవ, అలాంటి ఇతర ఆస్తులు కూడా ఉన్నాయి. పడుకోవడానికి చోటు, వండుకోవడానికి ఏర్పాటు, మరుగుదొడ్డి ఉంటే చాలు, కింద చక్రాలున్నాయా పునాది ఉందా అని చట్టం చూడదు. చిన్నపాటి మోటార్‌హోమ్ కూడా నివాసమేనని టాక్స్ కోర్టు 1980లోనే హేబర్‌కార్న్ కేసులో తేల్చింది. అంటే బరువు ఎంతో చూడటానికి ముందు అందులో ఎవరు పడుకుంటారో చూడాలి.

నివాసం అని తేలాక వచ్చే నియమం కఠినమైనది. ఏడాదిలో 14 రోజులకు మించి గాని, న్యాయమైన అద్దెకు ఇచ్చిన రోజుల్లో పదో వంతుకు మించి గాని, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికి మించి సొంతానికి వాడితే, ఆ ఆర్‌వీ మీద తరుగుదల వంటి వ్యాపార ఖర్చులను చట్టం కాదంటుంది; మినహాయింపులు కొన్నే. సొంత వాడకం అంటే యజమాని ఒక్కరి వాడకమే కాదు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు వాడిన రోజులన్నీ అందులోకే వస్తాయి. అన్నగారి కుటుంబం వారం రోజులు తీసుకువెళితే ఆ వారం మన లెక్కలోనే పడుతుంది. స్నేహితులకు నామమాత్రపు అద్దెకు ఇచ్చినా అంతే. పూర్తిగా మరమ్మతుల కోసం వెచ్చించిన రోజులను మాత్రం సొంత వాడకంగా పరిగణించరు.

ఈ నియమం ఎంత దూరం వెళుతుందో తెలుసుకోవాలంటే 2014లో వచ్చిన జాక్సన్ కేసు తీర్పును చూడాలి. నా దగ్గరికి వచ్చే ప్రతివారికీ దీన్ని గురించి చెబుతాను. జాక్సన్ ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆర్‌వీ యజమానులు కలుసుకునే ర్యాలీలకు తన ఆర్‌వీలోనే వెళ్లి, దాని పక్కన బ్యానరు కట్టి, కుర్చీలు వేసి, వచ్చినవారితో మాట్లాడి పాలసీలు అమ్మేవారు. ఆర్‌వీ ఉన్నవారికి పాలసీ అమ్మడానికి ఆర్‌వీలో వెళ్లడం కంటే సహజమైన వ్యాపార అవసరం ఏముంటుంది? ఆయన వ్యాపారం నిజమైనదే. అయినా 2006, 2007 సంవత్సరాలకు ఆయన కోరిన ఆర్‌వీ తగ్గింపులను కోర్టు ఒప్పుకోలేదు. ఒక రోజులో ఏ కొంచెం సొంత వాడకం ఉన్నా, లోపల కూర్చుని టీవీ చూసినా సరే, ఆ రోజంతా సొంత వాడకపు రోజే అవుతుందన్నది తీర్పు సారాంశం. పగలంతా ఖాతాదారులతో మాట్లాడి రాత్రి అదే బండిలో పడుకుంటే ఆ పగలు కూడా పోయినట్టే. ఈ లెక్కన 14 రోజులు దాటడానికి ఎంతో కాలం పట్టదు.

మరి బండిలో ఒక మూలను ఆఫీసుగా చేసుకుంటే? క్రమం తప్పకుండా, కేవలం వ్యాపారానికే వాడే భాగం ఏదైనా ఉంటే, అది వ్యాపారానికి ప్రధాన స్థలమైనా, ఖాతాదారులు వచ్చి కలుసుకునే చోటైనా, ఆ భాగం వరకు 280ఎ సెక్షన్ ఒప్పుకుంటుంది. కాగితం మీద ఇది బాగానే ఉంటుంది. పాతిక అడుగుల మోటార్‌హోమ్ లోపలికి వెళ్లి చూస్తే పరిస్థితి తెలుస్తుంది. ల్యాప్‌టాప్ పెట్టుకునే బల్ల మధ్యాహ్నం భోజనాల బల్ల అవుతుంది; రాత్రి దాని కాలు మడిచి కిందికి దించి, రెండు వైపులా ఉన్న సీట్ల దిండ్లను పైన పరిస్తే పిల్లల మంచం అవుతుంది. కేవలం వ్యాపారానికే అని చెప్పగల అంగుళం కూడా అందులో మిగలదు. మంచాన్ని పీకేసి డెస్కు బిగించి, ఆ గదిలో మరే పనీ చేయనివారి సంగతి వేరు. వారికి కూడా ధరలో ఆ గది వాటా మాత్రమే దక్కుతుంది.

వ్యాపారం మీద ఊరు దాటి వెళ్లి రాత్రిళ్లు బస చేసేవారికి అదే సెక్షన్‌లో మరో వెసులుబాటు ఉంది. వ్యాపార కేంద్రానికి దూరంగా పని మీద ఉన్నప్పుడు అయ్యే ప్రయాణ ఖర్చులను 280ఎ సెక్షన్ అడ్డుకోదని చట్టంలోనే రాసి ఉంది. పని మీద వెళ్లినప్పుడు పోసిన డీజిలు, క్యాంపుగ్రౌండుకు కట్టిన అద్దె వంటివాటికి ఇది మంచి ఆధారం. కాని ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని లక్ష డాలర్ల బండి మొత్తాన్ని రాసెయ్యమంటే, జాక్సన్ తీర్పును చదివిన తరువాత నేను సంతకం పెట్టలేను. ఇల్లు అమ్మేసి పూర్తిగా ఆర్‌వీలోనే ఉంటూ ఊరూరా తిరిగి పనిచేసేవారికి ఈ వెసులుబాటు కూడా కష్టమే. స్థిరమైన వ్యాపార కేంద్రం గాని, ఇల్లు గాని లేనివారిని అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సంచారులుగా చూస్తుంది. వారు ఎక్కడుంటే అదే ఇల్లు కాబట్టి ఇంటికి దూరంగా ఉన్నామని చెప్పుకునే అవకాశం వారికి ఉండదు.

ఎల్‌ఎల్‌సీ (యజమాని బాధ్యత పరిమితంగా ఉండే కంపెనీ) పేరు మీద కొంటే ఇవన్నీ తొలగిపోతాయా అని చాలామంది అడుగుతారు. తొలగిపోవు. ఒక్కరే సభ్యుడిగా ఉన్న ఎల్‌ఎల్‌సీని, కార్పొరేషన్‌గా ఎంచుకోనంతవరకు, ఆదాయపు పన్ను చట్టం వేరే వ్యక్తిగా గుర్తించదు. లాభం మీద పన్నును వాటాదారులే కట్టే ఎస్ కార్పొరేషన్‌కు 280ఎ సెక్షన్ నేరుగా వర్తిస్తుంది.

అద్దెకు ఇచ్చే వ్యాపారం మాత్రం నిజంగానే వేరు. ఔట్‌డోర్సీ, ఆర్‌వీషేర్ వంటి వేదికల ద్వారా బండిని అద్దెకు ఇస్తూ, సొంత వాడకాన్ని పరిమితిలో ఉంచుకోగలిగినవారికి అద్దె రోజుల వాటా మేరకు ఖర్చులు, తరుగుదల వస్తాయి. 100 రోజులు అద్దెకు పోతే సొంతానికి 14 రోజులు వాడుకోవచ్చు. 200 రోజులు పోతే 20 రోజులు. అయితే ఇందులో వచ్చిన నష్టాన్ని జీతం మీదో, మరో వ్యాపారపు లాభం మీదో తీసివేయాలంటే, ఆ అద్దె వ్యాపారంలో మీరు స్వయంగా తగినంత పనిచేసినట్టు చూపాలి. ఏడాదికి 500 గంటలు దాటడం దానికి ఉన్న కొలతల్లో ఒకటి. బండి కడగడం, అప్పగించడం, తిరిగి తీసుకుని తనిఖీ చేయడం అన్నీ మరొకరికి వదిలేసినవారికి ఇది కుదరదు. హెచ్‌1బీ వీసా మీద ఉన్నవారికి ఇంకొక మాట చెప్పాలి: పన్ను కోసం ఎన్ని గంటలు పనిచేశానని రాసుకుంటారో, అవే గంటలు అనుమతి లేని ఉద్యోగానికి సాక్ష్యం కావచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ఆ పని మొదలుపెట్టవద్దని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ఇంతవరకు అభ్యంతరాలే చెప్పాను గాని, నేను వెంటనే సరే అనే సందర్భాలూ ఉన్నాయి. కుక్కలకు స్నానం చేయించి బొచ్చు కత్తిరించే సంచార సెలూన్, పళ్లు పరీక్షించే సంచార క్లినిక్, వంటబండి వంటివాటి కోసం మంచాలూ అల్మరాలూ పీకేసి, పని సామగ్రి బిగించి, ఎవరూ నివసించలేని విధంగా మార్చిన బండి నివాసం కాదు, అది పనిముట్టు. అలాంటి బండికి 179వ సెక్షన్ అయినా, బోనస్ తరుగుదల అయినా సక్రమంగా అందుతుంది.

ఇవేవీ కుదరని కుటుంబానికి చిన్న ఊరట ఒకటుంది. పడక, వంటిల్లు, మరుగుదొడ్డి ఉన్న ఆర్‌వీని రెండో ఇంటిగా ఎంచుకుని, దాన్నే తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు మీద వడ్డీని, విడివిడి ఖర్చులు చూపే షెడ్యూల్ ఎ లో చూపవచ్చు. కాని 2025లో భార్యాభర్తల ఉమ్మడి రిటర్నుకు ప్రామాణిక తగ్గింపే 31,500 డాలర్లు. విడివిడి ఖర్చులన్నీ కలిపి ఆ మొత్తాన్ని దాటనివారికి ఈ వడ్డీ వల్ల ఒరిగేదేమీ లేదు.

అసలు తగ్గింపు దొరికినా ఎంత మిగులుతుందో లెక్క వేసుకోవాలి. లక్షా ఇరవై వేల డాలర్ల ఆర్‌వీని పూర్తిగా ఖర్చు రాయగలిగారనే అనుకుందాం. 24 శాతం శ్లాబులో ఉన్నవారికి ఫెడరల్ ఆదాయపు పన్నులో తగ్గేది 28,800 డాలర్లు. మిగతా 91,200 డాలర్లు మీ జేబులోంచి పోయినవే. ఆ పైన ఇన్సూరెన్సు, నిలిపి ఉంచడానికి అద్దె, టైర్లు, ఏటికేడాది పడిపోయే విలువ ఉండనే ఉన్నాయి. పన్ను తప్పించుకోవడం కోసమే కొనే బండి నా దృష్టిలో మంచి వ్యాపార నిర్ణయం కాదు. పిల్లలు చిన్నవారుగా ఉన్నప్పుడే ఈ దేశాన్ని తిరిగి చూపించాలన్న కోరికతో కొంటే, అది ఎంతో మంచి కోరిక. దానికి సొంత డబ్బు పెట్టండి.

నిజంగా వ్యాపారానికే కొన్నవారు మొదటి రోజునుంచీ లాగ్‌బుక్ రాయాలి. తరుగుదల చూపే 4562 ఫారంలో వాహనాల భాగం మొదట్లోనే రెండు ప్రశ్నలుంటాయి: మీరు చూపుతున్న వ్యాపార వాడకానికి ఆధారం ఉందా, ఉంటే అది రాతపూర్వకంగా ఉందా అని. తేదీ, బయలుదేరిన చోటు, చేరిన చోటు, ఓడోమీటరు అంకెలు, ఎవరిని ఏ పని మీద కలిశారు, ఆ రాత్రి బండిలో ఎవరు పడుకున్నారు అన్నవి ఏ రోజుకారోజు రాసి, క్యాంపుగ్రౌండు రసీదును ఆ పేజీకే జతచేయండి. ఆడిట్ నోటీసు వచ్చాక జ్ఞాపకం మీద రాసిన లాగ్‌బుక్ చూడగానే తెలిసిపోతుంది. తగ్గింపు కొట్టివేయడంతో పాటు తక్కువ కట్టిన పన్ను మీద 20 శాతం జరిమానా కూడా పడవచ్చు. తరువాతి ఏళ్లలో వ్యాపార వాడకం సగానికి పడిపోతే, మొదట ఎక్కువగా రాసుకున్న తరుగుదలలో కొంత భాగాన్ని తిరిగి ఆదాయంగా చూపాలి. బండిని అమ్మినప్పుడు కూడా, పుస్తకాల్లో మిగిలిన విలువ కంటే ఎక్కువ ధర వస్తే, రాసుకున్న తరుగుదల మేరకు ఆ లాభం మామూలు ఆదాయంగానే పన్నుకు వస్తుంది. కాబట్టి కొన్న నాటి బిల్లును, తరుగుదల పట్టికలను బండి అమ్మి ఆ ఏడాది రిటర్ను వేసిన తరువాత కూడా కనీసం మూడేళ్లు దాచి ఉంచండి.