మూడు పొరల సబ్బు

ఆదివారం. పొద్దున్నే బల్ల మీద పాత పేపర్లు పరిచి సబ్బు సామానంతా బయటికి తీశాను. పోయిన నెల చేసిన రెండు పొరల సబ్బు, కోస్తుంటే సరిగ్గా మధ్యకి ఊడిపోయింది. కింది పొర పోశాక ఫోన్ వచ్చి, రెండోది సాయంత్రం ఎప్పుడో పోశాను. అప్పటికే కిందది బాగా బిగిసిపోవడంతో పైది అతుక్కోలేదు. అంతకుముందు తొందరపడితే రెండు రంగులూ కలిసిపోయాయి. ఎప్పుడు పోయాలో తెలుసుకోవాలన్న పట్టుదల అప్పటినుంచీ ఉంది.

ఈసారి అన్నీ ముందే తూచి పెట్టుకున్నాను. ఒక్కో పొరకి 120 గ్రాముల ఆలివ్ నూనె, 60 గ్రాముల కొబ్బరి నూనె, 20 గ్రాముల ఆముదం. వాటికి 28 గ్రాముల కాస్టిక్ సోడా, 60 గ్రాముల నీళ్లు. నిజానికి ఆ నూనెకి సోడా ఇంకాస్త పడుతుంది. కావాలనే తగ్గించాను, కొంచెం నూనె మిగిలితే చర్మం పొడిబారదు.

సోడా కలిపేటప్పుడు మాత్రం నాకు ఇప్పటికీ టెన్షనే. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ తెరిచి, స్టీలు గిన్నెలో నీళ్లు పోసి వాటిలోకి సోడా కొంచెం కొంచెంగా వేశాను. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి పైకి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెనైతే తినేస్తుంది.

తమ్ముడు వచ్చి, "మూడింటికీ ఒకేసారి కలిపేయొచ్చుగా అక్కా?" అన్నాడు.

"కింది పొర గట్టిపడేలోపు గిన్నెలోదీ గట్టిపడిపోతుందిరా," అన్నాను.

మొదట బొగ్గుపొడి కలిపిన నల్ల పొర. బ్లెండర్‌తో తిప్పుతుంటే నూనె నిగనిగ పోయి, మిశ్రమం చిక్కబడింది. గరిటె ఎత్తితే జారిన ధార పైన గీతలా నిలిచింది. అచ్చులో పోసి, గాలి బుడగలు పోయేలా బల్లకేసి మెల్లగా తట్టాను.

ఆ తర్వాత ఉన్న పనల్లా చూడటమే. పది నిమిషాలకోసారి గ్లౌజు వేలితో అంచున తాకాను. మొదట వేలికి అంటింది. తర్వాత వేలు దిగింది గానీ అంటలేదు. 45 నిమిషాలకి కాస్త నొక్కితే సొట్ట పడింది, లోపల ఇంకా మెత్తగానే ఉంది. ఇదే అనిపించింది. గులాబీ రంగు మట్టి కలిపిన మిశ్రమాన్ని గరిటె వెనక భాగం మీదుగా నెమ్మదిగా జార్చాను. నేరుగా పోస్తే ధార బరువుకి కింద గుంట పడుతుంది. రంగు కలవలేదు! తెల్ల పొర కూడా అలాగే కుదిరింది.

అచ్చుకి తువ్వాలు చుట్టి అలమరలో పెట్టాను. రేపు సాయంత్రం కోస్తాను. పైనుంచి కోస్తే కత్తికి అంటిన రంగు పక్క పొరకి పూసుకుంటుంది, అందుకని దిమ్మని పక్కకి పడుకోబెట్టి కోయాలి. ఆ తర్వాత నాలుగు వారాలు ఆరాలి. తేదీ చీటీ ఇప్పుడే రాసి అచ్చుకి అంటించాను. తమ్ముడు మాత్రం మొదటి ముక్క తనదేనని అప్పుడే చెప్పేశాడు.