ఫేడర్ కిందికి గుంజినా మైకు కూత ఆగలే

నిన్న రాత్రి హన్మకొండల మా కాలనీ సద్దుల బతుకమ్మ అయిపోయింది. మైకు ఒక్కసారి గూడ కూయలే. ఇంత చిన్న సంగతి రాసుకునుడేందని నవ్వకుండ్రి. పెత్తరమాస నాడు ఇదే గ్రౌండ్ల నా ఇజ్జత్ మొత్తం పోయింది మరి.

ఏటా వచ్చే సౌండాయన ఈసారి తొమ్మిది దినాలకు 18 వేలన్నడు. రెండు బాక్సులు, రెండు మైకులు, అంతే సామాను! కమిటీ మీటింగ్ల నేనే నోరు జారిన. "మా బామ్మర్ది దగ్గర ఎనిమిది చానెళ్ల మిక్సరున్నది, నేను చూసుకుంట" అన్న. డిగ్రీల ఫిజిక్స్ చదివిన, గది సరిపోతదనుకున్న.

మిక్సర్ అంటే మైకులన్నిటి సౌండ్ కలిపి బాక్సులకు పంపే డబ్బ. వైర్లు పెట్టుడు కష్టం గాలే. మైకులకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు, ల్యాప్‌టాప్‌కు లైన్ ఇన్‌పుట్. కొన్ని మైకులకు కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ బటన్ బంద్ పెట్టిన, చేతి మైకులు డైనమిక్‌వి, కరెంటు అక్కర లేనివి కాబట్టి దాంతోని పని లేదు. పాడెటోళ్ల కాళ్ల ముంగట, వాళ్ల గొంతు వాళ్లకు వినవడేటందుకు ఓ మానిటర్ బాక్సు పెట్టి, మిక్సర్ల ఆక్స్ ఒకటి అనే పక్క దారి నుంచి దానికి లైను ఇచ్చిన.

ఎంగిలిపూల నాడు పొద్దు గూకినంక చిన్నమ్మ మైకు వట్టింది. కాలనీల పాట ఎత్తేది ఆమెనే. గొంతు సన్నగ వస్తున్నది. ఫేడర్, అంటే సౌండ్ పెంచి తగ్గించే జారుడు మీట, పైదాకా నూకిన, సాలలే. మీద గెయిన్ అని ఎర్రటి నాబ్ ఉండె, దాన్ని జర తిప్పిన. బాగనే వినవడ్డది. ఇంకింత తిప్పిన.

కూ... అని ఎత్తుకున్నది. బాక్సు సౌండ్‌ను మైకు మళ్ల గుంజుకునుడే ఆ కూత. చెవులు చిల్లులు వడ్డయి, పిల్లలు ఏడుపు. బిరాన ఫేడర్ అడుగుదాకా గుంజిన. కూత ఆగలే. నాకు చెమట. ట్రెబుల్ తగ్గించిన. ఆఖరికి సౌండ్‌ను ఎడమ కుడి బాక్సులకు పంచే పాన్ గూడ తిప్పిన, ఎందుకు తిప్పిన్నో నాకే తెల్వది. మాస్టర్ ఫేడర్ గుంజేసరికి పెద్ద బాక్సులు గప్‌చుప్ అయినయి గాని చిన్నమ్మ కాళ్ల కాడ బాక్సు కూస్తనే ఉన్నది. రెండు వందల మంది ఆడోళ్లు బతుకమ్మలు కింద వెట్టి నా దిక్కే చూస్తున్నరు. పక్కింటి పిలగాడు ఉరికొచ్చి వైరు పీకిండు.

"బిడ్డా, నీ డబ్బ బంజెయ్. మేం ఒట్టిగనే పాడుకుంటం" అన్నది చిన్నమ్మ. పాడిండ్రు గూడ. చప్పట్లతోని ఆ ఉయ్యాల పాట గల్లీ చివరిదాకా వినవడ్డది. నేను మిక్సర్ ఎనక తలకాయ వంచుకొని కూసున్న.

తెల్లారి ఫోన్ల వీడియోలు చూసిన. కంప్రెసర్, రివర్బ్ అని గంటల కొద్ది చెప్తరు, గెయిన్‌కు ఒక్క నిమిషం. సౌండాయనను అడుగుదామంటే, పని పోయిన కోపంల ఫోనే ఎత్తలే. ఆఖరికి కాజీపేట దిక్కు పెండ్లిళ్లకు మైకు పెట్టే ఓ ముసలాయన దొరికిండు. మిక్సర్ ముట్టనియ్యలే. ముందుగాల "పొలమున్నదా?" అని అడిగిండు. కాకతీయ కాలువ కింద ఎకరంన్నర ఉన్నదన్న.

"గెయిన్ అంటే తూము. కాలువ నుంచి నీళ్లు ఎంత దిగాలనో అది చెప్తది. ఫేడర్ నీ మడికి తీసిన గండి. ఆ గండి కన్నా ముందే పక్కకు పిల్లకాలువ తీసినవనుకో, నీ గండి ఎంత మూసినా అండ్ల నీళ్లు పారవా? నీ ఆక్స్ ఒకటి గసొంటిదే. తూము లేపినవ్, రెండింట్ల పొంగింది" అన్నడు.

బిత్తరపోయిన. ఆక్స్ ఒకటి ప్రీ ఫేడర్, అంటే ఫేడర్ కన్నా ముందే సౌండ్ తీసుకునేది. ఆ నాబ్ పక్కన్నే చీమల అక్షరాలతోని 'ప్రీ' అని రాసున్నది. పోస్ట్, అంటే ఫేడర్ దాటినంక తీసుకునేది అయితే ఫేడర్ వెంబడి తగ్గేది. మానిటర్‌కు ప్రీ ఇచ్చుడే పద్ధతి, బయట సౌండ్ తగ్గించినా పాడెటోళ్లకు వాళ్ల గొంతు వినవడాలె కాబట్టి. తప్పు ఆక్స్‌ది గాదు, ఆట నడుమ గెయిన్ ముట్టిన నాది. ఆ కూతకు మ్యూట్ నొక్కితే అయిపోవు. మా మిక్సర్ల మ్యూట్ నొక్కితే ఆక్స్ గూడ బంద్ అయితది. పెద్ద బటనే, ఆ టైంకు కనవడలే!

గెయిన్ పెట్టేది ఇట్ల. ఫేడర్ కిందికి వెట్టి పీఎఫ్‌ఎల్ నొక్కాలె, ఫేడర్ కన్నా ముందటి సౌండ్ ఎంతున్నదో మీటర్ మీద చూపే బటన్ అది. పాడే మనిషిని ఎంత గట్టిగ పాడుతదో అంత గట్టిగ పాడుమనాలె. "హలో హలో మైక్ టెస్టింగ్" పనికి రాదు, పాటల గొంతు దానికి డబుల్ లేస్తది. మీటర్ సున్నా కాడ ఆడేదాకా గెయిన్ పెంచాలె. పీక్ లైటు ఎర్రగ వెలిగితే ఎనక్కి రావాలె, ఎందుకంటే గెయిన్ కాడ పగిలిన గొంతు ఫేడర్ తగ్గిస్తే మంచిగ గాదు, చిన్నగ పగిలినట్టు వినవడుతది అంతే. అటెనుక ఫేడర్ సున్నా గీత కాడికి తేవాలె. ఆ కాడ గీతలు ఎడం ఎడంగ ఉంటయి, బొటనవేలంత జరిపితే కొంచెమే మారుతది. అడుగుకు పోయినకొద్ది గీతలు ఇరుకు, అంతే జరిపితే గొంతు మాయం. నేను మొదటి నాడు గెయిన్ అడుగున వెట్టి ఫేడర్ ఆకాశానికి నూకిన.

లో కట్ బటన్ పాట మైకులన్నిటికి నొక్కిన. మా దాంట్ల అది 80 హెర్ట్జ్ కిందుండే బొంగురు సౌండ్‌ను కోస్తది, గాలి బుసలు, కాళ్ల దబ్‌దబ్ పోయినయి. ఈక్యూ, అంటే ట్రెబుల్, బాస్ నాబ్‌లు, ముట్టలే. మానిటర్ బాక్సు మైకు ఎనక దిక్కుకు మలిపిన, ఎనక నుంచి మైకు సౌండ్ తక్కువ గుంజుతది. పాడెటోళ్లకు మైకు జాలీ మీద చెయ్యి మూయొద్దని చెప్పిన, మూస్తే కూత ఇంక ఎక్కువ. ఇద్దరు ఇన్నరు, మూడో ఆమె ఐస్‌క్రీం వట్టినట్టే వట్టింది.

నిన్న సద్దులు పంచుకుంట చిన్నమ్మ అడిగింది, "ఏమిరా, ఇయ్యాల మైకు పెట్టలేదా?" అని. గంటన్నర దాంట్లనే పాడింది.

కమిటోళ్లు శాలువా కప్పుతమంటున్నరు. శాలువా ఎందుకు, కేబుళ్లకు నేను పెట్టిన 640 రూపాయలు ఇస్తే సాలు.