నీరు ముందెలా ఉండేది? యురేనియం అనుమతి ఫైలుతో నా అనుభవం

అమెరికాలోని వ్యోమింగ్ రాష్ట్రంలో ఒక యురేనియం ప్రాజెక్టుకు అనుమతి దరఖాస్తు తయారుచేసే పని మా కన్సల్టెన్సీకి వచ్చింది. అందులో భూగర్భజలాల అధ్యాయం నా వంతు. బోర్లు, పంపింగ్ పరీక్షలు నాకు కొత్త కావు. నియంత్రణ సంస్థకు లెక్క అప్పజెప్పడం మాత్రం అదే మొదలు.

అక్కడి పద్ధతిలో గొయ్యి ఉండదు, సొరంగం ఉండదు. వందల అడుగుల లోతున, నీరు నిండిన ఇసుకరాయి పొరలోనే యురేనియం ఉంటుంది. ఆ పొరలోని నీళ్లనే తోడి, ఆక్సిజన్, బైకార్బొనేట్ కలిపి మళ్లీ బోర్ల గుండా కిందికి పంపిస్తారు. రాయిని అంటిపెట్టుకుని ఉన్న యురేనియం ఆక్సిజన్ తగిలాక కరిగి నీళ్లలోకి వస్తుంది. ఆ నీటిని పక్క బోర్లతో పైకి లాగి, రెజిన్ పూసల మీదుగా పోనిచ్చి యురేనియాన్ని పట్టుకుంటారు. నీళ్లు తిరిగి కిందికే వెళ్తాయి. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో జరిగేది ఇది కాదు. అక్కడ భూగర్భ గనిలోంచి రాయిని పైకి తెచ్చి మిల్లులో శుద్ధి చేస్తారు. వ్యోమింగ్‌లో ఆ కరిగించే పనంతా జలపొరలోనే జరిగిపోతుంది. అందుకే ఫైలులో ఏ అధ్యాయం తిప్పినా చివరికి నీటి దగ్గరికే వస్తుంది.

ఒక అనుమతి అనుకుని కూర్చుంటే మూడు తేలాయి. గని తవ్వకానికి రాష్ట్ర పర్యావరణ శాఖ ఇచ్చే పర్మిట్ ఒకటి. రేడియోధార్మిక పదార్థానికి లైసెన్సు రెండోది. ఇది పూర్వం కేంద్ర స్థాయిలో న్యూక్లియర్ రెగ్యులేటరీ కమిషన్ ఇచ్చేది, 2018 సెప్టెంబర్ 30 నుంచి వ్యోమింగ్ రాష్ట్రమే ఇస్తోంది. మూడోది జలపొర మినహాయింపు. దాన్ని రాష్ట్రం సిఫారసు చేస్తే ఫెడరల్ పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ ఆమోదించాలి.

నాకు మింగుడుపడనిది ఈ మూడోదే. 1974 నాటి సురక్షిత తాగునీటి చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, లీటరుకు 10,000 మిల్లీగ్రాముల కన్నా తక్కువ లవణాలున్న భూగర్భజలాన్ని ఎవరూ తాగకపోయినా తాగునీటి వనరుగానే కాపాడాలి. పదివేలంటే నోట పెట్టుకోలేనంత ఉప్పన. అంత విశాలంగా గొడుగు పట్టిన చట్టమే ఒక చిల్లు కూడా ఉంచింది: ఆ భాగంలోని నీటిని ఇప్పుడు ఎవరూ తాగడం లేదని, లాభసాటిగా తీయదగ్గ ఖనిజం ఉన్నందువల్ల ఇక ముందూ తాగబోరని చూపిస్తే, అంతమేర రక్షణ ఎత్తేయవచ్చు. మ్యాపు మీద ఒక గీత గీస్తారు. గీత లోపలి నీరు చెడుతుందని చట్టం ముందే ఒప్పుకుంటుంది. ఆ చెడు గీత దాటదని ఎలా చెప్పగలరు, పని ముగిశాక లోపలి నీటిని ఎంతవరకు బాగుచేస్తారు, ఇవే అది అడిగేవి. దరఖాస్తు రాసేవారికి ఈ స్పష్టత మంచిదే. ఆ గీతకు అవతల పశువులు మేపుకునేవారికి వివరించి చెప్పవలసి వచ్చినప్పుడు మాత్రం గొంతు కొంచెం తడబడుతుంది.

అసలు యుద్ధం 'ముందెలా ఉండేది' అన్న చోట జరిగింది. పని మొదలుపెట్టక ముందు నీటి నాణ్యత ఎంతో తేల్చి రాయాలి. రేపు బాగుచేయడమంటే ఆ అంకెలకు తిరిగి తీసుకురావడమే కాబట్టి, ఈ పట్టికలో ఒక్కో గడికి డబ్బు విలువ ఉంటుంది. కనీసం నాలుగు విడతల నమూనాలు, మధ్యలో తగినంత ఎడం ఉంచి తీయాలి. ప్రతి బోరులోనూ నిలవ నీరు తోడేసి, ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుద్వాహకత మూడూ కదలకుండా నిలిచేదాకా ఆగాలి. అప్పుడు సన్నని ఫిల్టరు గుండా సీసాలోకి పట్టి, లోహాలు గోడలకు అంటుకోకుండా నైట్రిక్ ఆమ్లం చుక్కలు వేసి, మూత బిగించి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో కాగితం మీద సంతకాలు పెట్టించాలి. శీతాకాలపు గాలిలో తొడుగులేసుకున్న వేళ్లతో ఆ సంతకం పెట్టడమే పెద్ద పని.

ఇంతా చేసి వచ్చిన అంకెలు ఒకదానితో ఒకటి పొసగవు. ఖనిజం నడుమ దిగిన బోరులో రేడియం లీటరుకు వందల పికోక్యూరీలు (రేడియోధార్మికతకు కొలమానం) ఉండవచ్చు. తాగునీటికి హద్దు 5. అదే ఇసుకరాయిలో, ఖనిజానికి కాస్త ఎడంగా దిగిన బోరు నీళ్లు తాగడానికి పనికొచ్చేలానే ఉంటాయి. రెండూ కలిపి సగటు తీస్తే ఎటూ కాని అంకె వస్తుంది. ఖనిజం మధ్య బోర్లనే ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటే లక్ష్యం సడలుతుంది, పని ముగిశాక కంపెనీకి హాయి. క్లయింటు తరఫు ఇంజినీరు అటే మొగ్గాడు. నేను ఒప్పుకోలేదు. బోర్లను ఖనిజం ఉన్న చోటని, లేని చోటని విడదీసి రెండు పట్టికలుగా చూపించాను. దరఖాస్తును పరిశీలించే నియంత్రణ సంస్థ సమీక్షకుడి తొలి ప్రశ్న అక్కడే పడుతుందని చెబితే గానీ వాదన ఆగలేదు. పడింది కూడా.

బాగుచేయడానికి కొలబద్దలు కూడా రెండున్నాయి. రేడియోధార్మిక లైసెన్సు నిబంధనలు మూలకం వారీగా చూస్తాయి: పాత స్థాయికి రావాలి, లేదా నిబంధనల పట్టికలో ఇచ్చిన హద్దులోపు ఉండాలి, రెండూ కుదరకపోతే ప్రత్యామ్నాయ హద్దు కోరాలి. ఆ పట్టికలో ఆర్సెనిక్, సీసం, సెలీనియం, రేడియం ఉన్నాయి, యురేనియమే లేదు! తాగునీటిలో యురేనియానికి ఈపీఏ పెట్టిన లీటరుకు 30 మైక్రోగ్రాముల హద్దు వేరే చోట ఉంది. రాష్ట్ర చట్టమేమో నీటిని తరగతులుగా చూస్తుంది. ముందు ఏ వాడకానికి పనికొచ్చేదో తర్వాతా ఆ వాడకానికి పనికొస్తే చాలంటుంది. ఒక కొలబద్ద మీద నెగ్గినది రెండో దాని మీద ఓడిపోవచ్చు. రెంటికీ విడివిడిగా జవాబులు రాశాను.

ఇక పంపింగ్ పరీక్ష. ఖనిజపు పొరలో ఒక బోరును ఆపకుండా తోడుతూ, చుట్టూ పరిశీలన బోర్లలో నీటి మట్టం తగ్గుతోందా అని చూడాలి; తగ్గాలి. పైపొరలోనూ కిందిపొరలోనూ ఉన్న బోర్లలో తగ్గకూడదు. నడుమ బంకమట్టి పొర గట్టిగా అడ్డుపడుతోందనడానికి అదే సాక్ష్యం. మా పరీక్షలో పైపొర బోర్లు రెండింటిలో మట్టం తగ్గింది. ఒకదాని సంగతి తొందరగానే తేలింది. బిగువుగా మూసుకున్న పొరలో వాతావరణ పీడనం పెరిగితే బోరులో మట్టం తగ్గుతుంది; బారోమీటరు గీతను తలకిందులుగా పెట్టి పక్కన పరిస్తే రెండూ అచ్చుగుద్దినట్టు కలిశాయి. పంపు వేయకముందు రోజుల్లో కూడా అదే ఊగు. రెండో బోరు మాత్రం వాతావరణాన్ని లెక్కచేయలేదు. పంపు నడుస్తున్నంతసేపు మెల్లగా దిగింది, ఆపగానే మెల్లగా లేచింది.

అనుభవమున్నవారు గ్రాఫు చూడగానే అన్నారు, పాత రంధ్రం అయి ఉంటుందని. ఈ ప్రాంతంలో 1960లు, 70లలో యురేనియం కోసం అన్వేషణ బోర్లు విపరీతంగా వేశారు. పని అయ్యాక వాటిని సరిగా పూడ్చినవి కొన్ని, బురద పోసి వదిలేసినవి కొన్ని. బంకమట్టి పొర ఎంత మందంగా ఉంటేనేం, దాన్ని చీల్చుకుంటూ ఒక గొట్టమంత సందు ఉంటే చాలు. పాత మ్యాపులు అవి వేసినవారి సొంత కొలతల గడుల్లో ఉన్నాయి. వాటిని నేటి అక్షాంశ రేఖాంశాలకు మార్చి, మైదానంలో నడుస్తూ వెతికాం. గడ్డి పలచబడి, బూడిదరంగు రాతిపొడి ఇంకా కనిపిస్తున్న ఒక చోట ఆ రంధ్రం దొరికింది. బోరు వేసే రిగ్గు తెప్పించి దాన్ని మళ్లీ అడుగుదాకా తొలిచి, కింది నుంచి పైకి సిమెంటు నింపి, పరీక్ష మళ్లీ పెట్టాం. ఈసారి ఆ బోరు కదల్లేదు. గీత దాటకపోవడం అన్నది చివరికి ఇలాంటి రంధ్రాల మీదే ఆధారపడి ఉందని నా నమ్మకం. కంప్యూటర్ నమూనాలో ఆ రంధ్రాలుండవు.

రెండో పరీక్ష ఆలస్యం కావడానికి సేజ్ గ్రౌస్ అనే నేలపక్షి కూడా ఒక కారణం. అది గూడు పెట్టే కాలమని మార్చి 15 నుంచి జూన్ 30 దాకా దాని స్థావరాల చుట్టుపక్కల రిగ్గులు కదలకూడదు. నాకు కోపమేమీ రాలేదు గానీ, క్లయింటు ఫోనుల్లో పక్షి పేరు చాలాసార్లు వినిపించింది.

సమీక్ష ప్రశ్నల్లో ఎక్కువ భాగం పరిశీలన బోర్ల వలయం గురించే. ద్రవాన్ని పంపే, తోడే బోర్లున్న బోరు క్షేత్రం చుట్టూ వందల అడుగుల ఎడంలో వరసగా బోర్లు దింపి నీటిని తరచూ పరీక్షిస్తారు. వెతికేది యురేనియాన్ని కాదు. యురేనియం రాతిని పట్టుకుంటూ వదులుతూ ఆలస్యంగా వస్తుంది. క్లోరైడు దేన్నీ అంటుకోకుండా నీటితో సమానంగా పరుగెడుతుంది. రెజిన్ యురేనియాన్ని పట్టుకుని బదులుగా క్లోరైడును వదులుతుంది కాబట్టి అది నీళ్లలో పెరిగి ఉంటుంది కూడా. కాబట్టి క్లోరైడు, క్షారత, విద్యుద్వాహకత హద్దు మీరితే ద్రవం బయటపడుతోందని హెచ్చరిక. హద్దు బిగిస్తే ఉత్తుత్తి గంటలు, వదిలితే గంటే మోగదు. మా అంకెలను సమీక్షకుడు ఒకసారి బిగించాడు, అది న్యాయమేననిపించింది. లోపలికి పంపేదానికన్నా ఒక శాతం అటూ ఇటూగా ఎక్కువ తోడుతూ, ప్రవాహం ఎప్పుడూ లోపలికే ఉండేలా చూడాలన్నది వేరే షరతు.

ప్రజాభిప్రాయ సమావేశంలో ఒక పశువుల మంద యజమాని లేచి, "మీరు బాగుచేస్తామంటున్నారు సరే, ఇంతవరకు ఎక్కడైనా పూర్తిగా బాగైందా?" అని అడిగాడు. తయారు చేసుకున్న జవాబు నా దగ్గర ఉంది. అది చదవకుండా, టెక్సస్ గనుల రికార్డులపై 2009లో అమెరికా భూవిజ్ఞాన సర్వే వేసిన నివేదిక గురించి చెప్పాను: తుది ఫలితాలు దొరికిన ఏ బోరు క్షేత్రంలోనూ అన్ని మూలకాలూ పాత స్థాయికి రాలేదు. హాలంతా నిశ్శబ్దమైపోయింది. క్లయింటు ప్రతినిధి నా వైపు చూసిన చూపు బాగా గుర్తుంది. ఆ యజమాని మాత్రం, "అయితే నా పశువుల బావి నీళ్లు మీ ఖర్చుతో పరీక్షించండి, కాగితం నాకూ పంపండి" అన్నాడు. ఆ మాట షరతుల్లోకి ఎక్కింది.

బాగుచేయడానికయ్యే ఖర్చుకు ముందే పూచీకత్తు కట్టాలి. కంపెనీ రేపు చేతులెత్తేసినా బయటి కాంట్రాక్టరుతో ఆ పని చేయించడానికి ఎంతవుతుందో అంత. ఏటా లెక్క సవరించాలి. ఈ భాగం రాయడం చప్పనే గానీ, ఫైలు మొత్తంలో నేను గట్టిగా నమ్మే కాగితం ఇదే.

చివరికి అనుమతి వచ్చింది, షరతుల జాబితాతో. ప్రతి బోరు క్షేత్రానికీ విడిగా పంపింగ్ పరీక్ష, పాత నీటి నాణ్యత, హద్దుల అంకెలతో ఒక దస్త్రం సమర్పించి, అది ఆమోదం పొందాకే మొదటి చుక్క ద్రవం కిందికి పంపాలి. పాత రంధ్రాల మ్యాపును మొదటి క్షేత్రం దస్త్రంలో అన్నిటికన్నా పైన పెట్టాను.