గుమ్మెట ముందు, మాట తర్వాత

నేను హైదరాబాద్ రామంతాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. పదేళ్ల పైనుంచీ మా బడి వార్షికోత్సవానికి నాటకం చేయించేది నేనే. 2020 ఫిబ్రవరిలో నాటకం అయిపోయాక, పిల్లల ముఖాల మీద రంగు తుడుస్తూ, వచ్చే ఏడు బుర్రకథ చేద్దామని మాటిచ్చాను. నెల తిరిగేసరికి కరోనాతో బడులు మూతపడ్డాయి.

జూలైలో జూమ్ క్లాసులు మొదలయ్యాయి. మాకు సగం జీతం. ఫీజులు రాక యాజమాన్యం తన టెన్షన్‌లో తను ఉంది, నాటకం ఊసు ఎవరెత్తుతారు? ఎత్తింది పిల్లలే. ఒకరోజు సంధులు చెబుతుంటే ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు చాట్‌లో రాశాడు, "టీచర్, బుర్రకథ అన్నారు కదా" అని. ఆ రోజు క్లాసు అయ్యాక కూడా లైన్లో పదకొండు మంది ఆగిపోయారు. వాళ్లతోనే మొదలుపెట్టాను.

కథ ముందే అనుకున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు కొమ్మలు పట్టుకుని ఆ రోజు నూట యాభై మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. మా పిల్లల్లో చాలామంది ఆ ఆస్పత్రికి వెళ్లినవాళ్లే గానీ చెట్టు సంగతి ఒక్కరికీ తెలియదు. ఆ వరద తర్వాత విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ జలాశయాలు పూర్తికావడం, ఇదంతా కథలో చెప్పాలని నా ఆశ.

బుర్రకథకు ముగ్గురు చాలు. నడుమ తంబురా పట్టుకుని కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో, అంటే చర్మం బిగించిన చిన్న డోళ్లతో, వంత పాడే ఇద్దరు. వాళ్లనే వంతలు అంటారు. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం. ఊరి జనంగా మిగతా పిల్లల గొంతులు వాడుకోవచ్చు. ముగ్గురితో అయిపోతుంది కాబట్టి ఈ కరోనా కాలానికి ఇదే సరైనదనుకున్నాను. మొదటి రిహార్సల్‌లోనే ఆ ధైర్యం పోయింది.

కథ చెప్పే అమ్మాయి తొమ్మిదో తరగతి. చక్కగా ఎత్తుకుంది. చరణం చివర వంతలు "తందాన తాన" అనాలి. అన్నారు. వాళ్ల వాళ్ల ఇళ్లలో సరైన సమయానికే అన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఒక గొంతు అర క్షణం ఆలస్యం, ఇంకోటి అంతకంటే ఆలస్యం. ఇద్దరూ కలిసి నోరెత్తితే జూమ్ ఒక గొంతును పైకి తెచ్చి రెండోదాన్ని నొక్కేసేది. గుమ్మెట దెబ్బనైతే రొద అనుకుని పూర్తిగా తీసేసేది. సెట్టింగుల్లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేస్తే గుమ్మెట వినబడింది గానీ ఆలస్యం పోలేదు. ఫ్రీ అకౌంటు కాబట్టి నలభై నిమిషాలకు మీటింగు దానంతటదే తెగిపోయేది. ఐదు రిహార్సల్స్ అలా చేశాం. ఐదో రోజు కథకురాలు, "టీచర్, వాళ్లు నాకు వినబడట్లేదు, నేనొక్కదాన్నే చెప్పుకుంటున్నట్టు ఉంది" అని కెమెరా ఆపేసింది. ఆ మాటకు నాకు రాత్రి నిద్రపట్టలేదు. ఎదుటివాళ్ల మాట వినబడకపోతే అది నాటకమే కాదు.

మా మేనమామ నల్గొండ దగ్గర పల్లెలో ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు బుర్రకథ దళంలో వంతగా ఊరూరా తిరిగిన మనిషి. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ గారి పేరెత్తితే ఇప్పటికీ లేచి నిలబడతాడు. ఆయనకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గుమ్మెట ముందు, మాట తర్వాత బిడ్డా. దరువు ఆగకుంట నడుస్తుంటే మనిషి యాడున్నా వచ్చి కలుస్తడు" అన్నాడు. మర్నాడు పొద్దున వాట్సాప్‌లో నాలుగు ఆడియోలు వచ్చాయి. మనవడి చేత ఫోన్ పట్టించుకుని నాలుగు దరువులు వాయించి పంపాడు. ఒక్కోటి ఆరేడు నిమిషాలు.

దాంతో పని తలకిందులుగా మొదలుపెట్టాం. కలిసి చెప్పడం మానేసి, అందరూ ఒకే దరువు విని విడివిడిగా చెప్పడం. ఇయర్‌ఫోన్‌లో మామయ్య గుమ్మెట వింటూ ఫోన్‌లో తమ వంతు రికార్డు చేయాలి. దరువులో నాలుగో దెబ్బ మీద ఒక చప్పట్లు, ఆ తర్వాతే మాట. చప్పట్లు ఎందుకంటే, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లు ఒకదాని కింద ఒకటి పెట్టినప్పుడు చప్పట్లు సూది మొనలా పైకి లేచి కనిపిస్తుంది. ఆ మొనల్ని ఒక గీతకు తెస్తే గొంతులన్నీ తాళంలో పడతాయి. ఎడిటింగ్ నాకు రాదు, మా అబ్బాయి రెండు రోజులు కూర్చుని నేర్పాడు.

చిక్కేమిటంటే ఇలా వినడానికొక ఫోను, రికార్డు చేయడానికొక ఫోను కావాలి. పదకొండు మందిలో ఏడుగురి ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఒక్కటే, అదీ నాన్న పని నుంచి వచ్చాకే పిల్లల చేతికి. కానీ ప్రతి ఇంట్లో నానమ్మదో అమ్మదో ఒక బటన్ ఫోన్ ఉంది. రాత్రి తొమ్మిది తర్వాత నేను ఆ బటన్ ఫోన్‌కు మామూలు కాల్ చేసి, ల్యాప్‌టాప్‌లో దరువు పెట్టి నా ఫోన్ పక్కన ఉంచేదాన్ని. పిల్ల అది చెవికి పెట్టుకుని వింటూ స్మార్ట్‌ఫోన్‌లో చెప్పేది. కాల్ ఎంత ఆలస్యమైనా ఫరవాలేదు, చప్పట్లు ఉంది కదా. ఒక్కో రాత్రి ఇద్దరు ముగ్గురి రికార్డింగులు అయ్యేవి. వాయిస్ నోట్ వద్దు, రికార్డర్‌లో చేసి డాక్యుమెంట్‌గా పంపండి అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

ఫ్యాన్ ఆపి, దుప్పటి ముసుగేసుకుని చెప్పమనేదాన్ని, గొంతు గదిలో మోగకుండా. పాపం, చెమటలు కారుతూ చెప్పేవాళ్లు. చప్పుళ్ల పని ఆరో తరగతి పిల్లలది. ఎంత శ్రద్ధగా చేశారో! చాటలో బియ్యం వేసి అటూ ఇటూ ఊపితే వాన. సన్నబియ్యమైతే జల్లు, దొడ్డు బియ్యమైతే కుండపోత. ఈ తేడా కనిపెట్టింది వాళ్లే. పాత ఎక్స్‌రే ఫిల్మును రెండు చేతులతో పట్టి విదిలిస్తే ఉరుము. మూసీ పొంగే చప్పుడు కోసం ఒక పాప నీళ్ల డ్రమ్ములో బిందెను బోర్లా ముంచి, మెల్లగా పక్కకు వంచి, గుడగుడమని గాలి బయటికొచ్చే చప్పుడు పట్టింది. అది విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

హాస్యం వంత, అంటే చాట్‌లో అడిగిన ఆ అబ్బాయి, ఆగస్టులో ఊరెళ్లిపోయాడు. వాళ్ల నాన్న స్కూలు వ్యాన్ నడిపేవాడు. బడులే లేకపోతే వ్యాన్ ఎక్కడిది? ఇల్లు ఖాళీ చేసి వనపర్తి వైపు సొంతూరికి పోయారు. అయినా అబ్బాయి మానలేదు. అక్కడ సిగ్నల్ మేకల కొట్టం పక్కన తప్ప దొరకదట. అక్కడే నిలబడి కాల్‌లో దరువు వింటూ చెప్పాడు. ఒకచోట, "అయితే ఈ వాన ఆగేదెప్పుడంటావు?" అని అడిగి, జవాబు చెప్పబోయేలోగా వెనక మేక అరిచింది. వాడు తడబడలేదు. దాని అరుపు అయ్యేదాకా ఆగి, "అదిగో, దానికీ తెలియదట" అని అందుకున్నాడు. స్క్రిప్టులో లేని మాట అది. అలాగే ఉంచేశాం.

వరద జరిగిన రోజుకే, సెప్టెంబరు 28కే, కథ వినిపించాలనుకున్నాం. కాలేదు. ఇంతలో అక్టోబరు 13 వచ్చింది. ఆ రోజు వాన హైదరాబాద్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటింది. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తారు. మా రాజకీయం వంత అమ్మాయి వాళ్లది చెరువు కింది కాలనీ, ఇంట్లోకి నడుము దాకా నీళ్లు. పై అంతస్తు వాళ్లింట్లో రెండు రాత్రులు ఉన్నారు. ఫోను, పుస్తకాలు, రేషను బియ్యం అన్నీ పోయాయి. నాలుగో రోజు ఎవరిదో ఫోన్ నుంచి చేసింది. కథ ఆపేద్దామని నేనంటే, "వద్దు టీచర్, చివర నేనొక చరణం రాస్తా" అంది. నూట పన్నెండేళ్ల తర్వాత మళ్లీ నీళ్లు వచ్చాయనీ, ఈసారి పట్టుకోవడానికి చెట్టు లేదు, పైనింటి ఆంటీ చెయ్యి ఉందనీ రాసింది. ఛందస్సు నేనేమీ సరిచేయలేదు.

నవంబరు 14న అన్ని తరగతుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాం. ఆ ఏడు దీపావళి కూడా అదే రోజు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు. టపాకాయల మోతలో ఎవరు వింటారని భయపడ్డాను. రాత్రి పదింటికి మామయ్య ఫోన్ చేసి, ఊళ్లో రచ్చబండ దగ్గర మైకులో పెట్టించానన్నాడు.

తర్వాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, 24న ఆరు నుంచి ఎనిమిదికి బడి తెరిచారు. ఈసారి వేదిక మీదే చేద్దామని మైదానంలో, మాస్కులతో రిహార్సల్స్ పెట్టాం. ఒక తప్పు చేశాను. గుమ్మెటలు ఒకరి చేతి నుంచి ఒకరికి మారుతున్నాయని రోజూ శానిటైజర్‌తో తుడిపించాను. వారానికల్లా గుమ్మెటల చర్మం ఎండి బిగుసుకుని, వాటి గొంతు పీలగా మారింది. మామయ్య గట్టిగానే కోప్పడ్డాడు. అప్పట్నుంచి ఎవరి గుమ్మెట వాళ్లకే, తుడవాల్సింది చేతులే, అదీ సబ్బుతో. అంతా కుదురుకుంటుండగా మార్చి 24 నుంచి బడులు మళ్లీ మూత. శనివారం ప్రదర్శన పెట్టుకున్నాం, బుధవారమే గేటుకు తాళం పడింది.

ఏప్రిల్‌లో ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. మా ఇంట్లో అది పెద్ద ఆసరా అయింది. మేలో లాక్‌డౌన్, బయట తిరగడానికి పొద్దున ఆరు నుంచి పది దాకానే. ఆ రెండు నెలలు నాటకం మాట నేనెత్తలేదు. పిల్లల ఇళ్లలో ఎవరెలా ఉన్నారో కనుక్కోవడానికే ఫోన్లు చేశాను.

సెప్టెంబరు 1న బడి తెరిచాక హాస్యం వంత కోసం ఎదురుచూశాను. వాళ్ల నాన్న వచ్చి టీసీ తీసుకెళ్లాడు, ఊళ్లో సర్కారు బడిలో చేర్పించాడట. ఆ చోటుకు ఏడో తరగతి పాప ఒకతి ముందుకొచ్చింది. ఏడాదిగా ఆడియో వింటూ మొత్తం నోటికి పట్టేసింది. నేను నేర్పాల్సింది అడుగులు మాత్రమే.

డిసెంబరు 18, శనివారం. హాలు వద్దని మైదానంలోనే వేశాం. ముగ్గురికీ ఆరడుగుల దూరంలో సున్నంతో గుండ్రాలు గీశాను, ముందుకూ వెనక్కూ అడుగు వేసినా ఆ గుండ్రం దాటకూడదు. మూడు మైకులు, ఎవరిది వాళ్లకే. జనం గుమిగూడకుండా ఒకే కథను తరగతుల వారీగా పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పించాం. పదో తరగతికి వచ్చిన మా కథకురాలి గొంతు మూడోసారికి బొంగురుపోయింది, అయినా తగ్గలేదు. వంతలు "తందాన తాన" అన్న ప్రతిసారీ ఆమె తల అటూ ఇటూ తిప్పి వాళ్ల ముఖాలు చూస్తోంది.

వాన ఘట్టం వచ్చింది. ఏడో తరగతి పాప గుమ్మెట మీద చెయ్యి ఆపి, "అయితే ఈ వాన ఆగేదెప్పుడంటావు?" అని అడిగింది. అడిగి ఆగింది. ఎంతసేపంటే, సరిగ్గా వనపర్తిలో ఆ మేక అరిచినంత సేపు. మైదానంలో ఎక్కడా చప్పుడు లేదు. ఆ తర్వాత, "అదిగో, దానికీ తెలియదట" అంది.