ఉదయగిరి దాటితే నీళ్లే లెక్క

ఉదయగిరి బస్టాండు దగ్గర లీటరు నీళ్ల సీసా 20 రూపాయలు. సీతారామపురం దాటి ఘాట్ ఎక్కబోయే ముందు ఒక బడ్డీ బంకులో అదే సీసా 30. ఇదేందమ్మా అంటే "కూలింగ్ చార్జీ" అంది బంకామె. చేత్తో పట్టుకుంటే సీసా గోరువెచ్చగా ఉంది. ఒళ్లు మండింది. అయినా రెండు కొన్నాను. కొండ దిగి అవతల పోరుమామిళ్ల వైపు ఊళ్లొచ్చేదాకా చుక్క నీరు దొరకదని, అంతకు గంట ముందే సీతారామపురంలో ఒక పెద్దాయన గట్టిగా చెప్పి పంపాడు. ఈ సైకిల్ ప్రయాణంలో నాకు బాగా మిగిలింది ఆయనతో గడిచిన ఆ కాసేపే.

నెల్లూరు నుంచి ఆత్మకూరు దాకా చెప్పేదేమీ లేదు. ముంబై హైవే, పక్కనుంచి దూసుకుపోయే లారీలు, ముఖాన కొట్టే దుమ్ము. సంగం దగ్గర కాసేపు ఆగి పెన్నను చూసుకున్నాను. నేను పుట్టి పెరిగింది బుచ్చిరెడ్డిపాళెం పక్కన. కనిగిరి రిజర్వాయరు కాలువల్లో ఈత నేర్చుకున్నవాళ్లం. మొలగొలుకుల వడ్లు పండిన ఊళ్లు మావి. నీళ్లు ఎక్కువై నారు మునిగిపోయిందని ఏడ్చిన ఏళ్లు గుర్తున్నాయి గానీ, నీళ్లు లేవని ఏడ్చింది నేను చూడలేదు. అదే జిల్లాలో, సైకిల్ మీద ఒకటిన్నర రోజు పడమరగా పోతే లెక్కంతా తలకిందులవుతుంది. బస్సులో చాలాసార్లు పోయినా ఇది నాకు తెలియలేదు. ఆ కిటికీలోంచి కనపడేవి పచ్చటి కొండలే.

ఆత్మకూరు దాటాక డీసీ పల్లి వైపు పొగాకు బ్యారన్లు, అంటే ఆకును వేడికి ఆరబెట్టే గదులు, మొదలయ్యాయి. జనవరి ఆఖరు, అప్పుడప్పుడే ఆకు కొట్టి కాలుస్తున్నారు. ఒకచోట ఆగి తొంగిచూస్తే, కర్రలకు కట్టిన ఆకు లోపల వరసలు వరసలుగా పైదాకా వేలాడుతోంది. కింద ఇనుప గొట్టాల్లో వేడి. ఆకు పసుపు తిరగాలి, తర్వాత ఆరాలి, చివరికి ఈనె కూడా ఎండాలి. ఒక్కో మెట్టుకు ఒక్కో వేడి. అది తప్పితే రంగు పోతుంది, వేలంలో రేటు పడిపోతుంది. అందుకని రాత్రిళ్లు కూడా పొయ్యి దగ్గర మనిషి ఉండాల్సిందే. అక్కడున్నాయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. నా సైకిల్ ఎంత పడిందని అడిగాడు. ముప్పై రెండు వేలంటే, "దాంతో సెకండ్‌హ్యాండు బండి వస్తాది గదా సార్" అన్నాడు. దారి పొడుగునా ఇదే మాట.

ఉదయగిరిలో లాడ్జి 800 అడిగారు. ఆ గదికి 500 కూడా ఎక్కువే. సైకిల్ లోపలికి తేవద్దని పట్టుబట్టారు, నేనూ పట్టుబట్టాను, మెట్ల కింద పెట్టి చెయిన్ వేయడానికి ఒప్పుకున్నారు. పొద్దున ఎర్రకారం దోసెలు మాత్రం బాగున్నాయి, పప్పుల పొడితో. రెండు దోసెలు 60 రూపాయలు.

దుర్గం ఎక్కే టైము లేదు. కింద నుంచే చూశాను. మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తు, నిటారుగా కోసేసినట్టున్న బండ. కొండమీదా కిందా కలిపి పదమూడు కోటలంటారు. శ్రీకృష్ణదేవరాయలు 1513లో ఒడిశా గజపతుల మీదికొచ్చి దీన్ని ముట్టడిస్తే, 1514లో గానీ చేతికి రాలేదు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. అంత సైన్యాన్ని ఎదిరించి అన్నాళ్లు పైన జనం ఎట్లా బతికారని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. కొండమీద గుండాల్లో, కోనేర్లలో నీళ్లుండబట్టే ఆ కోట నిలబడిందని ఇప్పుడు నా నమ్మకం.

సీతారామపురం రోడ్డు నాకు బాగా నచ్చింది. ఎడమపక్క వెలిగొండలు దగ్గరపడుతూ వస్తాయి. కంది చేలు, అక్కడక్కడ బత్తాయి తోటలు, మధ్యలో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చిల్లకంప. ఆ చిల్లకంప ముళ్లే కొంప ముంచాయి. ఊరు ఇంకో కిలోమీటరు ఉందనగా వెనక చక్రం కూర్చుంది. నడిపించుకుంటూ పోయి సైకిల్ షాపు ఎక్కడని అడిగితే, బస్టాండు పక్క సందులోకి చూపించారు.

రేకుల పంచ. గోడకు పాత రిమ్ములు. డెబ్బై దాటిన పెద్దాయన, చొక్కా లేదు, భుజాన తువ్వాలు.

"యాడ్నించి అబ్బయా?"

"నెల్లూరు నించి తాతా."

"దీని మీదనేనా?" అని చక్రం వైపు చూసి ఇంకేమీ అడగలేదు. పనిలోకి దిగాడు.

రెండు రేకులు దోపి టైరు అంచు లేపాడు. ట్యూబు బయటికి లాగి గాలి నింపి తొట్టిలో ముంచాడు. తొట్టిలో నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. ట్యూబును బెత్తెడు బెత్తెడు తిప్పుతూ చూస్తుంటే ఒకచోట సన్నగా బుడగలు లేచాయి. అక్కడ బొటనవేలు పెట్టి ఆపి, మిగతాది మళ్లీ తిప్పాడు. ఇంకో రెండు చోట్ల బుడగలు. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి ఊదాడు. అది ఆరేలోపు టైరు తీసుకుని వెలుతుర్లోకి వచ్చి కూర్చున్నాడు. నెల్లూరులో నా సైకిల్‌కు పంచర్ వేసినవాళ్లెవరూ ఈ పని చెయ్యగా చూడలేదు. టైరు లోపలి వైపు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని, మెల్లగా జరుపుతూ పోయాడు. ఒకచోట వేలు ఆగింది. పట్టకారుతో లాగితే బియ్యపు గింజలో సగం కూడా లేని ముల్లు మొన.

"ఇది లోపలే ఉండి చూస్తా ఉంటాది. కొత్త ట్యూబు ఏసినా మళ్లీ పొడుస్తాది. కొండ మధ్యలో పొడిచిందంటే నువ్వేం చేస్తావు?"

అట్లాంటివి అయిదు తీశాడు. నా అరచేతిలో పోశాడు. సుత్తితో ప్యాచీల మీద తట్టి, టైరెక్కించి, నాది మోటారు సైకిల్ వాల్వు కావడంతో ఎదురు షాపు కుర్రాణ్ణి పిలిచి మెషీన్ గాలి పట్టించాడు. మూడు ప్యాచీలకు 60 రూపాయలు తీసుకున్నాడు. ఒకప్పుడు గంటకింతని పన్నెండు సైకిళ్లు అద్దెకిచ్చేవాడట. ఘాట్ మీద కట్టెల కోసం పోయేవాళ్లంతా ఇక్కడి సైకిళ్లే తీసుకెళ్లేవాళ్లట.

తొట్టి నీళ్లు ఎప్పుడు మారుస్తావు తాతా అని అడిగాను. నల్లగా ఉన్నాయి కదా అని మామూలుగా అడిగిన మాట.

"నాలుగు రోజులయింది. ఈ పూట పారబొయ్యను. సాయంత్రం ఆ కరివేపాకు మొక్కకు పోస్తా" అన్నాడు. పంచ పక్కన రాళ్ల మధ్య నడుమెత్తు మొక్క ఉంది. బావి ఎండిపోయిందట. బోరు అయిదారు వందల అడుగులు దించినా పట్టుమని అరగంట పొయ్యదట. తాగే నీళ్లు క్యాన్లలో కొనుక్కోవాల్సిందే.

"వెలిగొండ ప్రాజెక్టు నీళ్లొస్తే..." అని నేనేదో అనబోయాను.

"96లో శంకుస్థాపన చేసినప్పుడు మావాడు పదో తరగతి. వాడి కొడుకు ఇప్పుడు ఇంటర్‌" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఎదురు షాపతనికి వినపడాలన్నట్టు కూడా లేదు.

ఆ ప్రాజెక్టు సంగతి పేపర్లలో చదువుతూనే ఉన్నాను. శ్రీశైలం జలాశయం నుంచి కొల్లంవాగు దగ్గర కృష్ణ వరద నీళ్లు తీసుకుని, నల్లమల కొండల కింద నుంచి ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్ల రెండు సొరంగాల్లో దోర్నాల వైపు రప్పించి, నల్లమల సాగర్ జలాశయంలో నింపాలి. 43.5 టీఎంసీలు. పాత ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల మెట్టలో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు. సొరంగాలకు 2024లో ప్రారంభోత్సవం చేశారు. కాలవలో పారే నీళ్లను మాత్రం ఆయన ఇంకా చూడలేదు. కాలవ గట్టు మీద పుట్టిన నాకు అక్కడ నోరు పెగల్లేదు. బయలుదేరుతుంటే, "రెండు సీసాలు ఉంచుకో. పైన చుక్క దొరకదు" అన్నాడు.

ఘాట్ ఎక్కడం నేను భయపడినంత కష్టం కాలేదు. చిన్న గేరులో కూర్చుని, మలుపు మలుపుకూ ఊపిరి తీసుకుంటూ పోవడమే. చెక్‌పోస్టు దగ్గర సంచులు విప్పి చూశారు. ఎర్రచందనం అడవి గనక వాళ్ల జాగ్రత్త వాళ్లది, నాకేమీ అనిపించలేదు. చిరుతలు తిరుగుతుంటాయి, నాలుగు లోపు దిగెయ్యమని మర్యాదగా చెప్పారు. పైకి పోయేకొద్దీ రోడ్డు పక్కనే ఎర్రచందనం చెట్లు కనపడ్డాయి. నల్లటి బెరడు, గళ్లు గళ్లుగా పగిలి ఉంటుంది. ఇంత పెద్ద గొడవలు జరిగే చెట్టు చూడ్డానికి ఏమంత పెద్దది కాదు. మధ్యాహ్నం మోటారు చప్పుడు లేని టైములో ఎండుటాకుల మీద తొండ పరిగెత్తినా వినపడుతుంది. పిట్టగోడ విరిగిన ఒక మలుపులో నిలబడి చూస్తే వెనక ఉదయగిరి మెట్టంతా పరుచుకుని ఉంది. అన్నింటికన్నా ముందు కళ్లకు ఆనింది చెరువులు. ఎన్ని చెరువులో! అందులో సగానికి పైగా మట్టి రంగులోనే ఉన్నాయి. ఈశాన్య రుతుపవనాల వానలు ఆగి ఎన్నాళ్లో కాలేదు కూడా.

కొండ తల మీదికి చేరి, అటుపక్క సగిలేరు లోయ వైపు చూసి, వెనక్కి తిరిగాను. భైరవకోన చూడాలని నా ఆశ, అది ఇవతలే. దిగడం ఎక్కడం కన్నా కష్టం. బ్రేకులు పట్టి పట్టి అరచేతులు మొద్దుబారాయి. ఆ 30 రూపాయల సీసాలు రెండూ దిగేలోపే అయిపోయాయి.

కొండ కింద ఒక చిన్న ఊళ్లో, వాకిట్లో కందులు చెరుగుతున్న ఆమెను నీళ్లడిగాను. చెంబు కాదు, సీసా ఇటియ్యమంది. లోపలికి పోయి క్యాన్ వంచి రెండూ నింపుకొచ్చింది. క్యాన్ ఎంతమ్మా అంటే, "పదిరూపాయలు. రెండు రోజులకొకటి పోతాది" అంది. నోటు తీస్తే ముఖం అదోలా పెట్టింది. "నీళ్లకు డబ్బులు తీసుకుంటారా ఎవురన్నా" అని చేట అందుకుంది. కొన్న నీళ్లే అవి. మా ఊళ్లో ఊరికే వచ్చే నీళ్లు ఇవ్వడానికి గేటు తియ్యని ఇళ్లు నాకు తెలుసు. ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

మర్నాడు కొత్తపల్లి మీదుగా భైరవకోన. అక్కడి ఎనిమిది గుహాలయాలూ ఒక్క కొండనే తొలిచి చేసినవి. ద్వారపాలకులు, స్తంభాలు, లోపల లింగాలు. ఉలి దెబ్బలు ఇంకా తెలుస్తున్నాయి. వాటి ముందునుంచే సెలయేరు, పైన జలపాతం. సన్నగా అయినా పారుతోంది. బండ మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టి చాలాసేపు లేవలేదు. ఆ శిల్పులు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారో ఎవరూ చెప్పక్కర్లేదు.

సి.ఎస్.పురంలో టీ తాగుతుంటే పక్క బెంచీ మీద ఇద్దరు వెలిగొండ గురించే వాదులాడుకుంటున్నారు. సొరంగం ఎవరి హయాంలో ఎంత తవ్వారన్నది గొడవ. ఒకాయన నన్ను చూసి, "సార్, మీరు చదువుకున్నోళ్లు. నీళ్లొచ్చేదెప్పుడో చెప్పండి" అన్నాడు. నాకు తెలియదన్నాను. టీ మాస్టరు మధ్యలో కలగజేసుకుని, కనిగిరి (మా రిజర్వాయరు కాదు, ఇటుపక్క ఊరు) వైపు పోతుంటే బోరు నీళ్లు మాత్రం తాగొద్దు, ఫ్లోరైడని చెప్పి, అడక్కుండానే నా సీసాలు రెండూ క్యాన్ కింద పెట్టాడు. టీ పది రూపాయలు. నీళ్లకేమీ తీసుకోలేదు. పొద్దుగూకేలోపు పామూరు చేరాలి. వాళ్ల వాదం ఇంకా తెగలేదు, నేను లేచాను.